అడవి అంచుకు చేరవలసిన న్యాయవాది మాట

భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. చదువురాని వృద్ధురాలికి సైతం అక్కడ ఈ మూడు అంకెలు కంఠోపాఠం. 2022 జూలైలో నది 71 అడుగులు దాటి ప్రవహించిన రోజులను ఎవరూ మరచిపోలేదు. వరద రోజుల్లో ప్రతి గంటకూ నీటిమట్టం ఎంతో ఫోనులో చూసుకొని, మూట సర్దుకోవాలా, మరికొంతసేపు వేచి ఉండాలా అని కుటుంబాలు నిర్ణయించుకుంటాయి. అంకె చిన్నదే. అయినా అది నిజమైన అంకె, సమయానికి వచ్చే అంకె, అందరికీ అర్థమయ్యే అంకె.

అదే ఫోనులో చట్టం గురించి వచ్చే సమాచారానికి ఈ మూడు గుణాలలో ఒక్కటీ ఉండటం లేదు. ఎవరు రాశారో తెలియని సందేశం, ఏ తీర్పులోనిదో తెలియని వాక్యం, ఏ ఊరిదో తెలియని వీడియో ముస్లిం కుటుంబాలను ఒకరోజు భయపెడుతున్నాయి, మరుసటి రోజు లేని ధీమా ఇస్తున్నాయి. ఈ ఖాళీని పూరించగలవారు న్యాయవాదులు. వారు సామాజిక మాధ్యమాలను ఎలా వాడుకోవాలి, ఎక్కడ ఆగాలి అన్న ప్రశ్నను వృత్తికి సంబంధించిన చిన్న విషయంగా చూడరాదని మా అభిప్రాయం. ఖమ్మం నుండి భద్రాచలం దాటి ఛత్తీస్‌గఢ్ సరిహద్దు వరకు విస్తరించిన అటవీ ప్రాంతానికి ఇది ఇల్లు, నేల, స్వేచ్ఛలతో ముడిపడిన ప్రశ్న.

ముందుగా ఆ ప్రాంతపు స్థితిని గుర్తుచేసుకుందాం. 2014లో రాష్ట్ర విభజన సమయంలో పోలవరం ప్రాజెక్టు కారణంగా ఉమ్మడి ఖమ్మం జిల్లాకు చెందిన ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది, పట్టణాన్ని ఆనుకొని ఉన్న ఎటపాక వంటి గ్రామాలు పొరుగు రాష్ట్రానివి అయ్యాయి. 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. 2022 ఏప్రిల్‌లో చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, ఎటపాక మండలాలు పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి. భద్రాచలం బజారులో దుకాణం నడిపే వ్యక్తికి హైకోర్టు హైదరాబాదులో ఉంటే, పట్టణం అవతల ఇల్లు ఉన్న అతని తోబుట్టువుకు హైకోర్టు అమరావతిలో ఉంటుంది. ఒకే కుటుంబానికి రెండు రాష్ట్రాల రికార్డులు, రెండు వక్ఫ్ బోర్డులు, రెండు పోలీసు వ్యవస్థలు. హైదరాబాదు మూడు వందల కిలోమీటర్ల దూరం. ఒక వాయిదాకు వెళ్లి రావడమంటే రెండు రోజుల కూలి పోవడం, దారి ఖర్చులు అప్పు తేవడం. ఇంత దూరాన ఉన్న మనిషికి న్యాయవాది మాట ముందుగా చేరేది ఫోను ద్వారానే. అది చేరని చోట దళారి మాట చేరుతుంది.

దళారి మాట వలన ఎంత నష్టమో ఒక్క భూమి విషయం చాలు చెప్పడానికి. ఏజెన్సీ ప్రాంతంలో 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్ అమలులో ఉంది. 1970లో వచ్చిన సవరణ వలన జనం దానిని 1/70 చట్టం అని పిలుస్తారు. దాని ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనుల భూమిని గిరిజనేతరులు కొనడం చెల్లదు. గిరిజనేతరుడి నుండి మరో గిరిజనేతరుడు కొన్నా చెల్లదు. గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి గిరిజనుడి నుండి వచ్చినదేనని చట్టం ముందుగా భావిస్తుంది, కాదని నిరూపించవలసిన భారం స్వాధీనంలో ఉన్నవారిది. ఈ చట్టాన్ని సుప్రీంకోర్టు 1988లో పి. రామిరెడ్డి కేసులో సమర్థించింది. అయినా సాదాబైనామా రాయించుకుంటే చాలని, నోటరీ ముద్ర పడితే భయం లేదని, కొంతకాలం గడిస్తే అదే క్రమబద్ధమవుతుందని నమ్మబలికేవారికి కొదవ లేదు. గల్ఫ్‌లో రెక్కలు ముక్కలు చేసుకొని పంపిన డబ్బో, సింగరేణిలో పదవీ విరమణ నాడు చేతికి వచ్చిన సొమ్మో ఇలాంటి కాగితం మీద పోస్తే, తర్వాత ఏ న్యాయస్థానమూ దానిని తిరిగి ఇప్పించలేకపోవచ్చు. కొనకముందే రెండు నిమిషాల వీడియోలో ఒక న్యాయవాది ఈ సంగతి చెప్పి ఉంటే ఆ కుటుంబం నిలబడేది. మంచి న్యాయవాది కేసు గెలిచినంత గొప్పగా కేసు రాకుండా కూడా చూస్తాడు.

వక్ఫ్ ఆస్తుల విషయమూ ఇంతే. 2025 ఏప్రిల్ 8 నుండి అమలులోకి వచ్చిన వక్ఫ్ సవరణ చట్టం మసీదు కమిటీలకు, ముతవల్లీలకు అనేక కొత్త బాధ్యతలు తెచ్చింది. ఆ ఏడాది జూన్ 6న ప్రారంభమైన ఉమీద్ పోర్టల్‌లో రికార్డులు నమోదు చేయడానికి ఆరు నెలల గడువు విధించింది. తగిన కారణం చూపితే గడువు పొడిగించే అధికారం వక్ఫ్ ట్రిబ్యునల్‌కు ఇచ్చింది. అదే చట్టంలో చేర్చిన 3ఈ సెక్షన్ అయిదవ, ఆరవ షెడ్యూళ్ల కింద షెడ్యూల్డ్ తెగలవారికి చెందిన భూమిని వక్ఫ్‌గా ప్రకటించరాదని చెబుతోంది. ఏజెన్సీలోని మన మసీదులకు, ఖబరస్తాన్‌లకు దీని భావం ఏమిటి? అన్నీ పోయాయని ఒక సందేశం, సుప్రీంకోర్టు చట్టమంతా ఆపివేసిందని మరొక సందేశం తిరిగాయి. రెండూ నిజం కావు. 2025 సెప్టెంబరు 15 నాటి మధ్యంతర ఉత్తర్వులో సుప్రీంకోర్టు కొన్ని అంశాలనే నిలిపివేసింది. నమోదు బాధ్యతను నిలిపివేయలేదు. ఏ మసీదు నేల ఎవరి పేరిట ఉంది, ఎప్పటి నుండి ఉంది, గెజిట్‌లో ఉందా లేదా అన్నది ఆ మసీదు కాగితాలు చూస్తేనే తెలుస్తుంది. ఆ కాగితాలతో రమ్మని పిలిచే ఒక్క నమ్మకమైన గొంతు వంద ఫార్వర్డ్ సందేశాల కంటే మేలు చేస్తుంది.

మూడవ ఉదాహరణ మరింత సాధారణమైనది. పోలీసు అధికారి దుస్తులలో వీడియో కాల్ చేసి మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారని బెదిరించి డబ్బు లాగే ముఠాలు ఉన్నాయి. డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. మోసపోయినవారు వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. అలాగే విచారణకు హాజరు కమ్మని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35వ సెక్షన్ కింద పోలీసులు ఇచ్చే నోటీసును వాట్సాప్ ద్వారా పంపడం సరైన పద్ధతి కాదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అలాగని ఫోనులో వచ్చిన ప్రతిదీ చెత్తబుట్టలో వేయరాదు. కోర్టు ముద్ర ఉన్న సమన్లను ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపడానికి అదే సంహిత వీలు కల్పించింది. ఏది నకిలీ, ఏది అసలు, దేనికి ఎప్పుడు బదులివ్వాలి అన్న తేడా చెప్పగలిగినవాడు న్యాయవాదే. పేరు వింటేనే అనుమానించే వాతావరణంలో బతుకుతున్న మన యువకులకు ఈ తేడా తెలియడం ఎంత అవసరమో వివరించనక్కరలేదు.

ఇక న్యాయవాదులు పాటించవలసిన హద్దులకు వద్దాం. ఇవి తెలిస్తే ప్రజలకు కూడా మంచి న్యాయవాదిని, మాటల మనిషిని వేరు చేసుకొనే వీలు కలుగుతుంది. భారత బార్ కౌన్సిల్ నియమాలలో 36వ నియమం న్యాయవాది ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ ప్రచారం చేసుకోరాదని, పని కోసం అభ్యర్థించరాదని నిర్దేశిస్తుంది. తాను వాదిస్తున్న కేసుల గురించి పత్రికల్లో రాయించుకోవడం, ఫోటోలు వేయించుకోవడం కూడా ఆ నిషేధంలోకి వస్తాయి. 2008లో చేసిన సవరణతో పేరు, చిరునామా, ఎన్‌రోల్‌మెంట్ వివరాలు, విద్యార్హతలు, ఏ రంగాల్లో పనిచేస్తారో తెలిపే వెబ్‌సైటుకు మాత్రం అనుమతి లభించింది. 2024 జూలై 3న మద్రాస్ హైకోర్టు ఆన్‌లైన్ సంస్థల ద్వారా కేసులు రాబట్టుకొనే న్యాయవాదులపై చర్యలు తీసుకోవాలని బార్ కౌన్సిల్‌ను ఆదేశించింది. 2025 మార్చి 17న బార్ కౌన్సిల్ సామాజిక మాధ్యమాల ప్రచారంపై, సినీ ప్రముఖులతో చేయించుకొనే ప్రకటనలపై మరోసారి హెచ్చరిక జారీ చేసింది.

ఈ నియమాలను చూసి కొందరు సీనియర్లు సామాజిక మాధ్యమాల జోలికే పోవద్దని జూనియర్లకు సలహా ఇస్తారు. మేము దానితో ఏకీభవించలేము. నియమం అడ్డుకొనేది కేసుల వేటను. చట్టం బోధించడాన్ని అది అడ్డుకోదు. ‘పోడు భూమి హక్కు పత్రానికి గిరిజనేతరులైన సంప్రదాయ అటవీవాసులు 2005 డిసెంబరు 13 నాటికి మూడు తరాలు, అనగా 75 ఏళ్ల నివాసం చూపాలి’ అని చెప్పడం విజ్ఞానం. ‘పోడు పట్టా ఇప్పించే బాధ్యత నాది, ఈ నంబరుకు ఫోను చేయండి’ అనడం వేట. మొదటిది ఎవరి కేసూ అడగదు, విన్నవాడు ఏ న్యాయవాది వద్దకైనా వెళ్లవచ్చు. రెండవది ఫలితాన్ని అమ్ముతుంది. ఈ గీత స్పష్టంగానే ఉంది, చూడదలచినవారికి. పండుగ రోజున ఈద్గా గోడకు కట్టిన ఫ్లెక్సీలో నల్లకోటు ఫోటో, దాని కింద ఫోను నంబరు ఏ వైపున ఉంటుందో న్యాయవాద మిత్రులే ఆలోచించుకోవాలి.

రెండవ హద్దు రహస్యం. కక్షిదారు న్యాయవాదికి చెప్పిన మాటను చట్టం కాపాడుతుంది. పాత సాక్ష్య చట్టంలో 126వ సెక్షన్‌గా ఉన్న ఈ రక్షణ 2024 జూలై 1 నుండి భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్‌లోకి వచ్చింది. ఆ మాట మనకు అమానత్. దానిని యాభై మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టడం అమానత్‌లో ఖయానత్ కాదా? ‘ఈరోజు ఇలాంటి తలాక్ కేసు వచ్చింది’ అని పేరు లేకుండా రాసినా, చిన్న ఊరిలో అది ఎవరి ఇంటి సంగతో సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది. లైంగిక దాడి బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం నేరం. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్, పోక్సో చట్టం 23వ సెక్షన్ దీనిని శిక్షార్హం చేశాయి. బాల నేరస్థుల విషయంలో బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కూడా అంతే. కరపత్రం కంటే వేగంగా పాకే మాధ్యమంలో ఒకసారి వెలువడిన పేరును వెనక్కు తీసుకోవడం ఎవరి తరమూ కాదు. కక్షిదారులు కూడా తమ కేసు కాగితాలను బంధువుల గ్రూపుల్లో పంచరాదు. అవి ఎదుటి పక్షం చేతికి చేరే దారి చాలా దగ్గర.

మూడవది సాక్ష్యం. విద్వేష ప్రసంగమో, దాడి దృశ్యమో ఫోనుకు వచ్చిన వెంటనే పదిమందికి పంపడం మన అలవాటుగా మారింది. దానివలన దోషికి శిక్ష పడదు సరికదా, పంపినవారే చిక్కుల్లో పడవచ్చు. ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టు స్వీకరించాలంటే సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువీకరణ పత్రం కావాలి. అందులో ఆ ఫైలు హాష్ విలువ కూడా పేర్కొనాలి. పాత 65బి సెక్షన్ కింద ఇటువంటి పత్రం తప్పనిసరి అని 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కనుక అసలు వీడియో తీసిన ఫోనును భద్రపరచాలి, ఫైలును కత్తిరించరాదు, దానిపై పాటలు, రాతలు జోడించరాదు, ఎప్పుడు ఎవరి నుండి వచ్చిందో రాసుకోవాలి, నేరుగా న్యాయవాదికి అందించాలి. విద్వేష ప్రసంగాలపై ఫిర్యాదు కోసం వేచి చూడకుండా పోలీసులే కేసు నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2022 అక్టోబరులో మూడు ప్రాంతాల పోలీసులను ఆదేశించి, 2023 ఏప్రిల్ 28న ఆ ఆదేశాన్ని అన్ని రాష్ట్రాలకు విస్తరించింది. ఆ ఆదేశం ప్రతిని జోడించి రాసిన ఒక్క క్రమబద్ధమైన ఫిర్యాదు, కోపంతో చేసిన వెయ్యి పోస్టుల కంటే బలమైనది. విన్న వార్తను నిర్ధారించుకొనకుండా ఒక వర్గానికి హాని తలపెట్టరాదని హుజురాత్ సూరా మనకు నేర్పిన పాఠం ఇక్కడ చట్టపు పాఠంతో కలుస్తుంది.

నాలుగవది న్యాయస్థానం పట్ల మర్యాద, దానితోపాటు న్యాయస్థానాన్ని ప్రశ్నించే ధైర్యం. ప్రశాంత్ భూషణ్ రెండు ట్వీట్లకు గాను 2020లో కోర్టు ధిక్కార నేరంపై ఒక్క రూపాయి జరిమానాకు గురయ్యారు. న్యాయవాది రాసే ప్రతి వాక్యాన్నీ న్యాయస్థానం చదువుతుందని ఆ కేసు గుర్తుచేస్తుంది. నాణేనికి మరో వైపు 2024 సెప్టెంబరులో కనిపించింది. కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తి ఒకరు విచారణలో బెంగళూరులోని ముస్లింలు అధికంగా ఉన్న ప్రాంతాన్ని పాకిస్తాన్‌తో పోల్చిన దృశ్యం ప్రత్యక్ష ప్రసారం నుండి జనంలోకి వచ్చింది. అదే న్యాయమూర్తి ఒక మహిళా న్యాయవాదిని ఉద్దేశించి చేసిన వ్యాఖ్యల వీడియోను సీనియర్ న్యాయవాది ఇందిరా జైసింగ్ ఎక్స్‌లో ఉంచి సుప్రీంకోర్టు జోక్యం కోరారు. సుప్రీంకోర్టు తనంతట తాను విచారణ చేపట్టింది. న్యాయమూర్తి విచారం వ్యక్తం చేశారు. దేశంలోని ఏ భాగాన్నీ పాకిస్తాన్ అని పిలవరాదని ప్రధాన న్యాయమూర్తి ధర్మాసనం చెప్పింది. అక్కడ దూషణ లేదు, అల్లరి లేదు. ఉన్నది అసలు దృశ్యం, దానికి తోడు ఒక స్పష్టమైన విజ్ఞప్తి. మన యువ న్యాయవాదులు నేర్చుకోవలసినది ఈ పద్ధతి.

అయితే ఫోను ఎంత దూరం వెళ్లినా అడవిలో ప్రతి గూడేనికీ సిగ్నల్ వెళ్లదు. వెళ్లిన చోట కూడా అందరూ చదవలేరు. మన తల్లులలో కొందరికి ఉర్దూ మాట మాత్రమే వస్తుంది, అక్షరం రాదు. దూదేకుల కుటుంబాలలో తెలుగే ఇంటి భాష. కనుక చట్టం గురించి చెప్పే సందేశం రెండు నిమిషాలు మించని గొంతు రూపంలో, తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలి. దానినే ఒక పేజీలో అచ్చు వేసి మసీదు నోటీసు బోర్డు మీద, కిరాణా దుకాణం గోడ మీద ఉంచాలి. కోర్టులో కేసు ఎంతవరకు వచ్చిందో ఈకోర్ట్స్ యాప్‌లో సీఎన్ఆర్ నంబరుతో ఎలా చూసుకోవాలో ఇంటికి ఒక పిల్లవాడికైనా నేర్పాలి. 1/70 వివాదాలు ప్రత్యేక ఉప కలెక్టరు వంటి అధికారుల ముందు నడుస్తాయి గనుక, వాటికి ఆ యాప్‌ను నమ్ముకొని కూర్చోకుండా కార్యాలయంలోనే వాయిదా తెలుసుకోవాలి.

ఉచిత న్యాయ సహాయం గురించి మనవారికి తెలిసింది స్వల్పం. 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి మహిళకూ, బాలలకూ, నిర్బంధంలో ఉన్నవారికీ, వికలాంగులకూ, ఎస్సీ, ఎస్టీలకూ ఉచిత న్యాయవాదిని పొందే హక్కు ఉంది. ఇతరులకు ఆదాయ పరిమితి వర్తిస్తుంది. జాతీయ సంస్థ ఫోను నంబరు 15100. ఒక న్యాయవాది తన ఖాతాలో తన నంబరుకు బదులు ఈ నంబరు ఉంచితే, ఆయన ఉద్దేశం ఏమిటో ఎవరికీ సందేహం కలగదు.

మరొక మాట కూడా చెప్పవలసి ఉంది. అడవి అంచున మన హక్కుల గురించి మాట్లాడేటప్పుడు పక్కనే కోయ, కొండరెడ్డి సోదరుల హక్కు ఉంది. 1/70 చట్టం వారిని కాపాడడానికి పుట్టింది. తమ నేల చేజారుతుందేమోనన్న వారి భయం, తమ ఖబరస్తాన్ చేజారుతుందేమోనన్న మన భయం వేరు కావు. ఈ రెండు భయాలను ఒకదానిపై ఒకటి రెచ్చగొట్టే సందేశాలు వస్తాయి, వస్తున్నాయి. రెండు వర్గాలనూ ఒకే వేదికపై కూర్చోబెట్టి, ఎవరికి ఏ హక్కు ఉందో, ఎవరికి ఏది లేదో నిజాయితీగా చెప్పగల న్యాయవాదిని ఈ ప్రాంతం కోరుకుంటోంది. మనకు లేని హక్కును ఉందని చెప్పి చప్పట్లు కొట్టించుకొనేవాడు మన మిత్రుడు కాడు.

కనుక ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం కోర్టులలో పనిచేస్తున్న ముస్లిం న్యాయవాదులకు, ముఖ్యంగా కొత్తగా నల్లకోటు వేసుకున్న యువతీ యువకులకు మా విజ్ఞప్తి ఇది. నలుగురైదుగురు కలిసి వారానికి ఒక్క అంశం ఎంచుకోండి. ఒకరు రాస్తే మరొకరు సరిచూడండి. ఏ చట్టం, ఏ సెక్షన్, ఏ తేదీ నాటి తీర్పు అన్నది ప్రతి సందేశంలో ఉంచండి. చట్టం మారితే పాత సందేశాన్ని తొలగించి, తొలగించామని చెప్పండి. ఎవరి కేసునూ చర్చకు పెట్టవద్దు, ఎవరికీ ఫలితం హామీ ఇవ్వవద్దు. సరిహద్దుకు అవతల ఆంధ్రప్రదేశ్ వైపు పనిచేసే న్యాయవాదిని కూడా తోడు తీసుకోండి, ఎందుకంటే మీ శ్రోతలలో సగం మంది అటువైపు ఉంటారు. మసీదు కమిటీలు తమ వంతుగా ఆ సందేశాన్ని జుమా తర్వాత వినిపించే ఏర్పాటు చేయాలి, తమ కాగితాలను బీరువాలోంచి తీసి వారికి చూపాలి.

గోదావరి మొదటి హెచ్చరికకే మూట సర్దుకొనే కుటుంబం మూడవ హెచ్చరిక నాటికి గట్టున ఉంటుంది. చట్టం విషయంలోనూ మనకు ఆ మొదటి హెచ్చరిక అందాలి. దానిని సమయానికి, సరైన అంకెతో పంపవలసిన బాధ్యత న్యాయవాదులది. విన్న తర్వాత కదలవలసిన బాధ్యత మనది.